అరేస్ సంతానము, దేవుని సంతానము: గ్రీకు యుద్ధదేవుని వంశావళిపై ఒక విమర్శ

ఉపోద్ఘాతము

అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము మన వేదాంత కళాశాలల్లోను సంఘ వేదికలపైనను తరచుగా వినబడు వాక్యభాగము. అన్యమతస్థులకు సువార్తను ఎట్లు ప్రకటించవలెనో నేర్పుటకు దీనినే మాదిరిగా చూపుచుందుము. అయితే పౌలు నిలిచిన స్థలము పేరును గూర్చి మనము ఆగి ఆలోచించుట అరుదు. అరేయొపగు అనగా అరేస్ కొండ. అరేస్ గ్రీకుల యుద్ధదేవుడు. రోమీయులు అతనిని మార్స్ అను తమ దేవునితో ఒకనిగా ఎంచిరి. ఆ కొండకు ఆ పేరు వచ్చిన విధమును చెప్పు కథలలో ఒకటి అరేస్ కుమార్తెకు జరిగిన అన్యాయమును గూర్చినది. ఆ పేరు గల చోటనే పౌలు, మానవులు ఎవరి సంతానము అను ప్రశ్నను లేవనెత్తెను (అపొ. కా. 17:28-29).

ఈ వ్యాసములో మేము అరేస్ సంతానమును గూర్చి గ్రీకు కవులు వ్రాసిన దానిని పరిశీలించి, దాని బలమును లోపమును వాక్యపు వెలుగులో విమర్శించుటకు ప్రయత్నించుచున్నాము. పురాణము కట్టుకథ గనుక దానితో మనకు పని లేదనువారు కొందరు. ప్రతి కథలోను క్రీస్తుకు ఛాయను వెదకువారు మరికొందరు. ఈ రెండును తొందరపాటు తీర్పులేయని మా అభిప్రాయము. యుద్ధము దేనిని కనును అను ప్రశ్నకు ఒక ప్రాచీన జనాంగము కథల రూపములో ఇచ్చుకొనిన జవాబు ఈ వంశావళి. ఆ ప్రశ్న నేటికిని తీరలేదు.

1. మూలగ్రంథములు

మొదట ఒక జాగ్రత్త అవసరము. గ్రీకు పురాణమునకు బైబిలు వంటి ఒకే గ్రంథము లేదు. క్రీ.పూ. 8వ, 7వ శతాబ్దములకు చెందిన హోమర్, హెసియడ్ మొదలుకొని క్రీస్తు శకములో వ్రాసిన పౌసానియస్ వరకు అనేకులు అనేక విధములుగా చెప్పిరి. వీటినన్నిటిని కలిపి ఒకే కథగా చెప్పుట ప్రసంగములలో జరుగు సాధారణమైన పొరపాటు.

హెసియడ్ తన థియోగొనీ కావ్యములో అరేస్‌కు అఫ్రొడైటీ వలన ముగ్గురు పిల్లలు కలిగిరని చెప్పుచున్నాడు. ఇద్దరు కుమారులు ఫోబోస్, డైమోస్. వారి పేర్లకు భయము, భీతి అని అర్థము. మూడవది హర్మోనియా అను కుమార్తె. ఆమెను థేబ్స్ పట్టణ స్థాపకుడైన కాడ్మస్ పెండ్లాడెను. అరేస్, అఫ్రొడైటీల వ్యభిచారపు కథ హోమర్ వ్రాసిన ఒడిస్సీ 8వ భాగములో నున్నది. అందులో ఈ పిల్లల ప్రస్తావన లేదు. హెసియడ్‌లోనైతే హెఫెస్టస్ భార్య అఫ్రొడైటీ కాదు, అగ్లయా. కాబట్టి హర్మోనియాను వ్యభిచార సంతానమని హెసియడ్ పేరున చెప్పుట సరికాదు. ఎరోస్ (కామము) విషయములోను ఇంతే. అతడు అరేస్ కుమారుడని కవి సిమోనిడీస్ చెప్పెను. హెసియడ్ అయితే అతనిని సృష్టి ఆరంభమందే ఉన్న వానిగా చూపెను.

మానవ స్త్రీల వలన అరేస్‌కు పుట్టిన వారు అనేకులు. దారిదోపిడి చేసిన కిక్నస్, తన గుఱ్ఱములకు మనుష్య మాంసము మేపిన థ్రేసు రాజు డయోమెడీస్, ట్రోయ యుద్ధములో చనిపోయిన అస్కలాఫస్, అమెజానుల రాణి పెంథెసిలియా, ఏథెన్సుకు చెందిన అల్కిప్పే వీరిలో ముఖ్యులు. థ్రేసువాడైన టెరియస్ సహితము అరేస్ కుమారుడేనని అపొల్లొడోరస్ పేరున నిలిచిన గ్రంథము చెప్పుచున్నది. ఈ పట్టికను చూడగానే ఒక సంగతి బోధపడును. దేవుని కుమారులని పేరుపొందిన వీరిలో పలువురు నరులను పీడించినవారు, తక్కినవారిలో అనేకులు కత్తికి బలియైనవారు.

2. కుమారులు: భయము, దౌర్జన్యము

ఫోబోస్ అను మాటకు హోమర్ కాలములో కేవలము మనస్సులోని భయమని మాత్రమే అర్థము కాదు. సైన్యము బెదిరి వెన్నుచూపి పారిపోవుట అనునది దాని ముఖ్యార్థము. ఇలియడ్ 13వ భాగములో అరేస్ యుద్ధమునకు వెళ్లునప్పుడు ప్రియ కుమారుడైన ఫోబోస్ అతని వెంట నడచును. 15వ భాగములో రథమునకు గుఱ్ఱములను కట్టుడని తండ్రి ఆజ్ఞాపించునది ఈ ఇద్దరికే. యుద్ధము ఎక్కడికి వెళ్లినను తన పిల్లలను వెంటబెట్టుకొని పోవునని కవి చూపుచున్నాడు. ఇది లోతైన పరిశీలన. యుద్ధము ముగిసిన తరువాత కూడ భయము ఆ ఊరిలో, ఆ ఇంటిలో, తిరిగి వచ్చిన సైనికుని నిద్రలో నిలిచియుండును.

గ్రీకులు ఫోబోస్‌ను పూజించిరి కూడ. స్పార్టాలో అతనికి ఆలయముండెనని, భయమే రాజ్యమును నిలుపునని వారు తలంచిరని ప్లూటార్కు వ్రాసెను. క్రీ.పూ. 331లో గౌగమెలా యుద్ధమునకు ముందు రాత్రి అలెగ్జాండరు ఫోబోస్‌కు బలి అర్పించెనని కూడ ఆయనే తెలిపెను. 1877లో ఆసాఫ్ హాల్ కుజగ్రహమునకు రెండు ఉపగ్రహములను కనుగొనినప్పుడు వాటికి ఈ ఇద్దరి పేర్లే పెట్టబడెను.

ఇచ్చట ప్రసంగీకులకు ఒక హెచ్చరిక. 1 యోహాను 4:18లో పరిపూర్ణ ప్రేమ వెళ్లగొట్టు భయమునకు గ్రీకులో ఫోబోస్ అను పదమే ఉన్నది. అంతమాత్రమున యోహాను గ్రీకు దేవుని ఉద్దేశించెనని చెప్పరాదు. సంఘము ప్రభువునందు భయము కలిగి నడచెనని చెప్పు అపొ. కా. 9:31లో కూడ ఆ పదమే వాడబడెను. పదము ఒకటే అయినంత మాత్రాన భావము ఒకటి కానేరదు. కాని ఈ పోలిక ద్వారా ఒక సత్యమును చెప్పవచ్చును. స్పార్టా రాజ్యమును నిలుపునది భయమని తలంచగా, యోహాను తన సంఘమును నిలుపునది ప్రేమయని తలంచెను. దండన భయముతో సంఘమును నడిపించు కాపరి ఎవరి పద్ధతిని అనుసరించుచున్నాడో ఆలోచించుకొనవలెను.

మానవ కుమారుల సంగతి మరింత స్పష్టము. హెసియడ్ పేరున నిలిచినను తరువాతి కాలపు కవి వ్రాసినదని పండితులు తలంచు 'హెరాక్లీస్ డాలు' అను కావ్యములో కిక్నస్ డెల్ఫీ దేవాలయమునకు బలులు తీసికొనిపోవు యాత్రికులను దోచుకొనును. హెరాక్లీస్ అతనిని చంపును. కుమారుని పక్షమున వచ్చిన అరేస్ తొడకు గాయమై తిరిగి పోవును. చివరకు ఏరు పొంగి కిక్నస్ సమాధి ఆనవాలు కూడ లేకుండ చేయును. క్రీ.పూ. 438లో ప్రదర్శింపబడిన యురిపిడీస్ నాటకము అల్సెస్టిస్‌లో హెరాక్లీస్ తనకు ఎప్పుడును అరేస్ కుమారులతోనే పోరాటము తప్పదని వాపోవును. కవులు యుద్ధదేవుని పొగడలేదు. అతని బలము అతని పిల్లలలో దోపిడిగాను క్రూరత్వముగాను మారుట వారు దాచలేదు. ఈ నిజాయితీని మనము గౌరవించవలెను.

3. కుమారుని మరణము, తండ్రి దుఃఖము

ఇలియడ్‌లో అస్కలాఫస్, అతని సహోదరుడు ఇయల్మెనస్ 30 ఓడలతో ట్రోయకు వచ్చిరి. 13వ భాగములో డెయిఫోబస్ మరియొకనిపై విసరిన ఈటె గురితప్పి అస్కలాఫస్‌కు తగులును. అప్పుడు అరేస్ ఒలింపస్ కొండపై బంగారు మేఘముల క్రింద కూర్చుండియున్నాడు. తన కుమారుడు పడిపోయిన సంగతి అతనికి తెలియదు. 15వ భాగములో హేరా చెప్పగా తెలిసి, తాను పిడుగుపాటుకు గురియై శవముల మధ్య పడినను సరే పగ తీర్చుకొందునని లేచును. అథీనా అతని శిరస్త్రాణమును, డాలును, ఈటెను తీసివేసి కూర్చుండబెట్టును. అతనికంటె బలవంతులు ఇదివరకే చనిపోయిరి, ఇకమీదట చనిపోవుదురు, అందరి సంతానమును కాపాడుట కష్టమని ఆమె చెప్పును.

ఈ ఘట్టము ఇలియడ్‌లో మిక్కిలి విలువైనవాటిలో ఒకటని మా భావన. వేలాది తండ్రుల కుమారులను చంపించిన వాడు తన కుమారుని మరణవార్త విని విలపించును. అయితే ఆ దుఃఖము అతనిని మార్చదు. ఇతరుల దుఃఖమును గ్రహింపజేయదు. అది వెంటనే పగగా మారును. భయమును భీతిని రథమునకు గుఱ్ఱములు కట్టుడని పిలుచును. క్రీస్తు శకములో స్మిర్న కవి క్వింటస్ వ్రాసిన కావ్యములో పెంథెసిలియా అకిలీస్ చేతిలో చనిపోయినప్పుడు కూడ అరేస్ అట్లే లేచును. ద్యుపతి పిడుగులు వేసి ఆపును. యుద్ధమునకు కన్నీరు తెలియును గాని మారుమనస్సు తెలియదు.

మన తెలుగు బైబిలులో జ్యూస్‌కు ద్యుపతి అను పేరు వాడబడెను (అపొ. కా. 14:12). గనుక మేమును ఆ పేరునే వాడుచున్నాము. ఆ ద్యుపతికి అరేస్ కుమారుడు. ఇలియడ్ 5వ భాగములో గాయపడి ఫిర్యాదుతో వచ్చిన అరేస్‌తో, దేవతలందరిలో నీవే నాకు మిక్కిలి అసహ్యమైనవాడవను భావముతో ద్యుపతి మాటలాడును. అయినను అరేస్ తన సంతానము గనుక బాధపడుట చూడలేనని చెప్పి వైద్యుని పిలిచి స్వస్థపరచును. సంతానమనుటకు అక్కడ వాడిన గ్రీకు పదము గెనోస్. ఈ పదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. అరేయొపగులో ఇది తిరిగి వినబడును.

4. అల్కిప్పే: కొండమీద వినబడని స్వరము

అల్కిప్పే అరేస్‌కు అగ్లౌరస్ వలన పుట్టిన కుమార్తె. పోసైడాన్ కుమారుడు హలిర్రోథియస్ ఆమెను బలాత్కరించెను, లేక బలాత్కరింప ప్రయత్నించెను. మూలములు ఈ విషయములో ఏకీభవించవు. అరేస్ అతనిని చంపెను. పోసైడాన్ ఆ కొండమీద అరేస్‌పై హత్యానేరము మోపగా, పండ్రెండుమంది దేవతలు విచారించి అతనిని నిర్దోషిగా విడిచిపెట్టిరని అపొల్లొడోరస్ గ్రంథము చెప్పుచున్నది. యురిపిడీస్, పౌసానియస్ కూడ ఈ మొదటి హత్యావిచారణను ఎరుగుదురు. అందువలననే అది అరేస్ కొండ అయ్యెను. ఏథెన్సులో హత్యకేసులు విచారించు సభ అక్కడ కూడుచుండెను. ఎస్కిలస్ మాత్రము క్రీ.పూ. 458 నాటి యుమెనిడీస్ నాటకములో, అమెజానులు అచ్చట అరేస్‌కు బలి అర్పించుటచేత ఆ పేరు వచ్చెనని మరియొక కారణము చెప్పెను.

ఆ న్యాయసభలో అడుగబడిన ప్రశ్న ఏది? చంపిన తండ్రికి దోషమున్నదా లేదా అనునదే. చనిపోయిన కుమారుని తండ్రి మాటలాడెను, చంపిన తండ్రి జవాబు చెప్పెను. ఆ కుమార్తెకు ఏమి జరిగెను, ఆమెకు న్యాయమనగా ఏమి, ఆమె ఆ తరువాత ఎట్లు బ్రదికెను అనువాటిని ఈ కథ అడుగదు. ఇద్దరు తండ్రుల పరువు వ్యాజ్యెములో ఆమె సాక్ష్యముగా కూడ నిలువదు.

టెరియస్ కథను దీని ప్రక్కన ఉంచి చూడవలెను. ఏథెన్సు రాజు పాండియన్‌కు యుద్ధములో సహాయము చేసినందుకు టెరియస్ రాజకుమార్తె ప్రోక్నీని భార్యగా పొందెను. తరువాత ఆమె సహోదరి ఫిలొమెలాను చెరచి, చెప్పకుండునట్లు ఆమె నాలుకను కోసెను. ఆమె జరిగినదానిని వస్త్రములో నేసి తెలియజేసెను. కుమార్తెకు అన్యాయము జరిగినప్పుడు కత్తి దూసిన అరేస్, కుమారుడే అన్యాయము చేసినప్పుడు ఎక్కడనున్నాడు? పురాణములో దానికి జవాబు లేదు. అతని కోపము న్యాయముకొరకైన కోపము కాదు, తనవారికొరకైన కోపము.

మన గ్రంథము ఇట్టి కథలను ఎరుగదని చెప్పుట సత్యము కాదు. ఆదికాండము 34లో దీనా ఒక్క మాటయు పలుకదు; ఆమె సహోదరులు షిమ్యోను, లేవి ఒక పట్టణమునే హతము చేసిరి. అయితే ఆదికాండము 49:5-7లో యాకోబు మరణశయ్యపై ఆ కోపమును శపించెను. 2 సమూయేలు 13లో తామారు స్వరము స్పష్టముగా వ్రాయబడెను. ఆమె వాదించెను, బ్రతిమాలెను, బూడిద పోసికొని కేక వేసెను. తండ్రియైన దావీదు కోపగించియు ఏమియు చేయలేదు. గ్రంథము దానిని దాచలేదు, ఆ మౌనము వలన కలిగిన నాశనమును కూడ చూపెను. సంఘములో ఒక ఆడపిల్లకు అన్యాయము జరిగినప్పుడు పెద్దలు రెండు కుటుంబముల పరువును గూర్చి మాత్రమే కూర్చుండి మాటలాడి లేచినయెడల, అది ఆ పాత కొండమీది విచారణయే. కాపరి మొదట వినవలసినది ఆమె మాట.

5. హర్మోనియా శాంతి కాదు

యుద్ధదేవునికి హర్మోనియా పుట్టెననుట అందరిని ఆకర్షించును. యుద్ధము, ప్రేమ కలిసి సామరస్యమును కనెనని తత్వవేత్తలు దీనిని వివరించిరి. పరస్పర విరుద్ధమైనవాటి నుండి సామరస్యము కలుగునను భావమునకు ప్లూటార్కు ఈ కథను ఉదాహరణగా చూపెను. ఎఫెసువాడైన హెరాక్లీటస్ యుద్ధమునే సమస్తమునకు తండ్రిగా వర్ణించెను. కొందరు ప్రసంగీకులును హర్మోనియాను శాంతిదేవత అని చెప్పి, యుద్ధము నుండి శాంతి పుట్టునని దానిని అన్వయించుచుందురు.

ఇది హెసియడ్‌ను సరిగా చదువని అన్వయము. హర్మోనియా అనగా ఒకదానితో ఒకటి పొసగునట్లు జతచేయుట, కూర్పు. శాంతికి గ్రీకు పదము ఐరెనె. ఆమె తలిదండ్రులు ఎవరో హెసియడ్ అదే కావ్యములో చెప్పెను. ఆమె ద్యుపతికి, ధర్మనియమమును సూచించు థెమిస్‌కు పుట్టినది. ఆమె సహోదరీలు సువ్యవస్థ, న్యాయము. అనగా అన్యకవియైన హెసియడ్ కూడ శాంతిని యుద్ధదేవుని కుమార్తెగా వ్రాయలేదు. న్యాయమునకు తోబుట్టువుగా వ్రాసెను. క్రొత్త నిబంధన శాంతికి లేక సమాధానమునకు వాడినది ఈ ఐరెనె అను పదమే. హర్మోనియా అను పదము అందులో లేదు.

హర్మోనియా చరిత్ర కూడ ఆ అన్వయమును సమర్థించదు. థేబ్స్ నీటిబుగ్గను కాచిన సర్పము అరేస్ సంతానమే. దానిని చంపినందుకు కాడ్మస్ అరేస్‌కు 8 సంవత్సరములు దాస్యము చేసెను. ఆ సర్పపు పండ్లను విత్తగా ఆయుధధారులు మొలిచి ఒకరినొకరు చంపుకొనగా అయిదుగురు మిగిలిరి. ఆ తరువాత జరిగిన పెండ్లికి దేవతలందరు వచ్చిరి. పెండ్లికుమార్తెకు హెఫెస్టస్ చేసిన హారము కానుకగా వచ్చెను. ఆ హారమే తరువాతి తరములలో లంచమై మరణములకు కారణమాయెను. ఆమె కుమార్తెలలో సెమెలె కాలిపోయెను, ఇనో సముద్రములో దూకెను, అగావె పిచ్చిపట్టి తన కుమారుని తానే చీల్చివేసెను. ఆటొనోయె కుమారుని అతని వేటకుక్కలు చీల్చివేసెను. తుదకు కాడ్మస్, హర్మోనియా ఇద్దరును సర్పములైరి. సర్పపు రక్తముతో మొదలైన సామరస్యము సర్పరూపముతోనే ముగిసెను. ఆయుధముచేత కూర్చబడిన కూర్పు ఎంత అందమైన హారము ధరించినను నిలువదని థేబ్స్ కథ చెప్పుచున్నది.

ఇందుకు ప్రవక్తల మాటలు ఎంత దగ్గరగా నున్నవో చూడుడి. యెషయా 32:17 ప్రకారము సమాధానము నీతి వలన కలుగు ఫలము. కీర్తన 85:10లో నీతి, సమాధానము ఒకదానినొకటి ముద్దుపెట్టుకొనును. యాకోబు 3:18 నీతిఫలము సమాధానమందు విత్తబడునని బోధించుచున్నది. విత్తనము సర్పపు పన్ను అయినప్పుడు మొలుచునది ఆయుధధారులే.

6. పురాణము రాజకీయమైనప్పుడు

గ్రీకులు అరేస్‌ను అంతగా గౌరవింపలేదు గాని రోమీయులు మార్స్‌ను తమ జాతికి తండ్రిగా చేసికొనిరి. రోమా స్థాపకుడు రొములస్, అతని సహోదరుడు రేమస్ మార్స్ కుమారులని వారి కథ. ఔగుస్తు కైసరు కాలములో, అనగా మన ప్రభువు జన్మకాలమునకు సమీపముగా, ఇది రాజ్యసిద్ధాంతమాయెను. క్రీ.పూ. 9లో శాంతి బలిపీఠమును రోములో ప్రతిష్ఠించిరి. అది నిలిచిన స్థలము పేరు మార్స్ మైదానము. క్రీ.పూ. 2లో పగతీర్చు మార్స్‌కు గొప్ప ఆలయమును ప్రతిష్ఠించిరి. ఖడ్గముచేత శాంతి, మార్స్ చేత రోమా అనునది ఆనాటి బోధ. లూకా 2వ అధ్యాయములో ఔగుస్తు పేరును, దూతల సమాధాన గీతమును ఒకే చోట చదువునప్పుడు ఈ నేపథ్యమును మరువరాదు.

ఇట్టి వంశావళుల ప్రయోజనమును రోమా పండితుడు వర్రో బహిరంగముగా ఒప్పుకొనెను. అది అబద్ధమైనను, వీరులు తాము దేవతల సంతానమని నమ్ముట రాజ్యమునకు మేలని, అట్లు నమ్మినవారు సాహసకార్యములకు వెనుదీయరని అతని అభిప్రాయము. అగస్టీను తన 'దేవుని పట్టణము' 3వ పుస్తకములో దీనిని ఎత్తిచూపి, అబద్ధమునకు ఎంత విశాలమైన ద్వారము తెరువబడుచున్నదో చూడుడని హెచ్చరించెను. 15వ పుస్తకములో రొములస్ తన సహోదరుని చంపుటను కయీను హేబెలును చంపుటతో పోల్చెను. మార్స్ కుమారుడని పేరుపొందినవాడు పట్టణము కట్టుటకు ముందు సహోదరుని సమాధి త్రవ్వవలసి వచ్చెను.

మా విమర్శలో ప్రధానాంశము ఇదే. కథ కథగా ఉన్నంతకాలము అది యుద్ధమును ప్రశ్నించెను. అది రాజ్యమునకు వంశావళి అయినప్పుడు యుద్ధమును సమర్థించెను. ఏ జాతియైనను, ఏ కులమైనను, తాము వీరదేవుని సంతానమని చెప్పుకొని ఇతరులను తక్కువవారినిగా ఎంచినప్పుడు వర్రో మాటయే పనిచేయుచున్నది. క్రైస్తవ రాజ్యములును ఈ పాపమునకు దూరముగా నుండలేదని సిలువయుద్ధముల చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది.

7. అరేయొపగులో పౌలు

ఇప్పుడు పౌలు ప్రసంగమునకు వత్తము. పౌలు అరేస్ పేరెత్తలేదు. అల్కిప్పే కథను ఉద్దేశించెనని లూకా ఎక్కడను సూచింపలేదు. పౌలు నిలిచినది కొండమీదనా, ఆ పేరు గల సభయెదుటనా అను విషయములో కూడ వ్యాఖ్యానకర్తలకు భేదాభిప్రాయములున్నవి. కాబట్టి లేనిదానిని వాక్యములో చొప్పింపరాదు. అయినను ఏథెన్సు శ్రోతలకు ఆ కథలు తెలియును గనుక, వారి చెవులకు ఆ మాటలు ఎట్లు వినబడియుండునో ఆలోచించుట న్యాయమే.

మొదటిది, సంతానమను మాట. పౌలు ఎత్తి చెప్పిన కవివాక్యము కిలికియకు చెందిన అరాటస్ కావ్యములోనిది. అది ద్యుపతిని గూర్చి వ్రాయబడినది. సంతానమనుటకు అందులోని పదము గెనోస్. హోమర్‌లో ఇదే పదముతో ద్యుపతి తాను అసహ్యించుకొను అరేస్‌ను వెనకేసికొనివచ్చెను. అక్కడ సంతానమగుట మినహాయింపుకు ఆధారము. పౌలు దానిని పూర్తిగా మరియొక దిక్కునకు త్రిప్పెను. అందరును ఒకని నుండి కలిగినవారే (17:26); అందరును ఆయన సంతానమే; కాబట్టి అందరును మారుమనస్సు పొందవలెను, నీతితో తీర్చబడు విమర్శదినము ఒకటి ఉన్నది (17:30-31). సంతానమగుట ఇక్కడ ఒక జాతికి ఆధిక్యత కాదు, అందరికిని బాధ్యత.

రెండవది, పునరుత్థానము. ఎస్కిలస్ నాటకములో ఆ సభ స్థాపింపబడుచున్న ఘట్టములోనే, ఒకసారి నరుని రక్తము మట్టిలో ఇంకిన తరువాత అతనికి పునరుత్థానము లేదను భావమును అపొల్లో పలుకును. అక్కడ వాడిన పదము అనస్టాసిస్. పౌలు ప్రకటించినదియు అదే పదము (17:18, 32). యుద్ధదేవుని లోకములో మరణమే చివరి మాట. అందుచేత పగ తప్ప మిగులునది లేదు. చంపబడిన కుమారుని తండ్రి లేపెనని చెప్పినప్పుడు పగ యొక్క మూలమే తెగిపోవుచున్నది. అరేస్‌కు తన కుమారుడు పడిన సంగతి తెలియలేదు. పౌలు ప్రకటించిన తండ్రి తన కుమారుని అప్పగించినవాడు (రోమా 8:32), లేపినవాడు. లేపి, చంపినవారికి కూడ మారుమనస్సును ఇచ్చుచున్నవాడు.

మూడవది, దమరి. ఆ దినమున నమ్మినవారిలో లూకా ఇద్దరి పేర్లు వ్రాసెను: అరేయొపగీతుడైన దియొనూసి, దమరి అను స్త్రీ (17:34). దీనిని అల్కిప్పేతో ముడిపెట్టుట లూకా ఉద్దేశమని మేము చెప్పము. అయినను న్యాయాధిపతి పేరు ప్రక్కన ఒక స్త్రీ పేరు సమానముగా నిలుచుట సువార్త స్వభావమునకు తగినదే.

8. మన సంఘములకు

దీనిలో మనకు ఆచరణీయమైనదేమి? మన ప్రార్థనలలోను పాటలలోను యుద్ధభాష విస్తారముగా నున్నది. ఎఫెసీ 6వ అధ్యాయము దానికి ఆధారమే. అయితే ఆ సర్వాంగకవచములో పాదములకు తొడుగుకొనునది సమాధాన సువార్త. పోరాటము రక్తమాంసములు గల వారితో కాదు. ఈ రెండు మాటలు మరచినయెడల యుద్ధభాష త్వరగా మనుష్యులమీదికి మళ్లును. పాస్టరేట్ కమిటీ ఎన్నికలలో, సంఘ ఆస్తుల వ్యాజ్యెములలో, ఒకే బల్లలో పాలుపొందినవారు రెండు వర్గములై నిలుచుట మనకు తెలియని సంగతి కాదు. గెలిచిన వర్గము సమాధానము కలిగెనని కృతజ్ఞతా ఆరాధన జరుపును. ఓడినవారు ఆలయమునకు రాక మానుదురు. అది ఐరెనె కాదు, హర్మోనియా. దాని మెడలో నున్న హారము తరువాతి తరమునకు లంచమగును. యాకోబు 4:1 యుద్ధములకు మూలమును మన భోగేచ్ఛలలోనే చూపెను.

హెరాక్లీటస్ ఊరి సంఘమునకు పంపబడిన పత్రికలో క్రీస్తే మన సమాధానమని వ్రాయబడెను (ఎఫెసీ 2:14-16). అక్కడ చంపబడినది శత్రువు కాదు, శత్రుత్వము. అదియు ఆయన సిలువపై తన శరీరములో భరించుట ద్వారా జరిగెను. ప్రతి కుటుంబము పేరు పొందునది ఆ తండ్రిని బట్టియే (ఎఫెసీ 3:14-15).

ముగింపు

గ్రీకు కవులు యుద్ధము యొక్క సంతానమును నిజాయితీగా లెక్కించిరి: భయము, దోపిడి, పగ, వినబడని కుమార్తె, నిలువని సామరస్యము. వ్యాధిని వారు బాగుగా గుర్తించిరి. దానిని స్వస్థపరచు తండ్రిని వారి పురాణము చూపలేకపోయెను. కాబట్టి ఈ కథలను ఎగతాళి చేయుట అనవసరము, వాటిని సువార్తగా మార్చుట అసాధ్యము. మత్తయి 5:9లో ప్రభువు దేవుని కుమారులని పిలువబడు గౌరవమును సమాధానపరచువారికి ఇచ్చెను. హోమర్ తన వీరులను అరేస్ కొమ్మలని బిరుదు ఇచ్చి పిలిచెను. సంఘ వివాదములో కూర్చుండు ప్రతి కాపరిని ప్రజలు ఈ రెండు పేర్లలో ఏదో ఒక దానితో జ్ఞాపకము చేసికొందురు.